చిప్ పరిశ్రమ తరఫున మాట్లాడేవాళ్లు ఎక్కడి నుంచి వస్తున్నారు?

గత నెల మా అన్నయ్య మాదాపూర్‌లో ఒక హోటల్లో జరిగిన సెమీకండక్టర్ పరిశ్రమ సమావేశానికి వెళ్లొచ్చాడు. చర్లపల్లిలో అతనికి చిన్న మెషిన్ షాపు ఉంది. రెండు వీఎంసీలు (కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్లు), ఒక లేత్, తొమ్మిది మంది పనివాళ్లు. వాక్యూమ్ పరికరాలకు ఫ్లాంజ్‌లు (పైపులను కలిపి బిగించే లోహపు వలయాలు), ఫిక్స్చర్లు చేస్తాడు. మన దేశానికి చిప్ ఫ్యాక్టరీలు వస్తున్నాయి, వాటికి కావలసిన విడిభాగాలు ఇక్కడే కొంటారు అని పేపర్లో చదివి, ఫీజు కట్టి మరీ వెళ్లాడు.

రాత్రి అన్నాలు తింటుండగా వాళ్లిచ్చిన బ్రోచర్ నా ముందు పెట్టాడు. వేదిక మీద కూర్చున్న ఆరుగురి ఫొటోలు, ఒక్కో ఫొటో కింద నాలుగు లైన్ల పరిచయం. అన్నయ్య ఆ లైన్లన్నీ చదివి, ఎప్పుడో ఒకప్పుడు ఫ్యాక్టరీ నడిపిన వాళ్ల పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాడు. మొత్తం బ్రోచర్లో ఒకే ఒక్క టిక్కు ఉంది, దాని పక్కన ప్రశ్నార్థకం. ఆయన ఉద్యోగంలో మొదటి రెండేళ్లు ఏదో విడిభాగాల కంపెనీలో ప్రొడక్షన్ చూశారట.

"పొద్దటి నుంచి సాయంత్రం దాకా విన్న చెల్లె. కరెంటు గురించి ఒక్కరు మాట్లాడలే" అన్నాడు.

నాకు మొదట కొంచెం కోపమే వచ్చింది. పదిహేడేళ్లుగా చిప్ వెరిఫికేషన్ (డిజైన్‌లో తప్పులు వెతికే పని) చేస్తున్నాను. ఆ ఆరుగురివీ నాకు బాగా తెలిసిన కెరీర్లు: ఇంజనీరింగ్ డిగ్రీ, డిజైన్ సెంటర్లో ఉద్యోగం, లీడ్, మేనేజర్, డైరెక్టర్, ఆఖరికి ఇండియా హెడ్. రాయదుర్గంలో మా ఆఫీసులో అందరం ఎక్కాలని చూసే మెట్లు అవే. కష్టపడి పైకొచ్చిన వాళ్లను పట్టుకుని పెన్సిల్ గుర్తుతో తేల్చేయడమేంటి అనిపించింది. కానీ ఆ రాత్రి పడుకున్నాక ఒక సంగతి మనసులో మెదిలింది. ఈ పదిహేడేళ్లలో ఎన్ని టేపౌట్లు (పూర్తయిన డిజైన్‌ను తయారీకి పంపడం) చూశానో లెక్కలేదు. కానీ ఒక చిప్ తయారవుతుండగా నేను కళ్లారా చూడలేదు.

అప్పటి నుంచి చిప్ పరిశ్రమ తరఫున మాట్లాడే సంఘాలకు ఎవరెవరు పెద్దలుగా ఉన్నారు, అంతకుముందు వాళ్లేం చేసేవాళ్లు అని వరసగా చదువుతూ వచ్చాను. చదివే కొద్దీ నా అభిప్రాయం మారింది. అన్నయ్య మాట పూర్తిగా ఒప్పని కూడా అనను. ఎక్కడ ఒప్పో, ఎక్కడ కాదో తేల్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

అయిదుగురు యజమానులు, ఒక లాయరు

1977లో అమెరికాలో సెమీకండక్టర్ ఇండస్ట్రీ అసోసియేషన్ (మనవాళ్లు ఎస్ఐఏ అంటారు) మొదలుపెట్టింది అయిదుగురు. ఇంటెల్ నుంచి రాబర్ట్ నాయిస్, నేషనల్ సెమీకండక్టర్ నుంచి చార్లెస్ స్పోర్క్, ఏఎండీ నుంచి జెర్రీ శాండర్స్, ఫెయిర్‌చైల్డ్ నుంచి విల్ఫ్రెడ్ కారిగన్, మోటరోలా నుంచి జాన్ వెల్టీ. ఆ రోజుల్లో చిప్ కంపెనీ అంటే సొంత ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) ఉన్న కంపెనీ అనే అర్థం. స్పోర్క్ జనరల్ ఎలక్ట్రిక్‌లో తయారీ విభాగంలో పనిచేసి, ఫెయిర్‌చైల్డ్‌కు ప్రొడక్షన్ మేనేజరుగా వచ్చినవాడు. నాయిస్ భౌతికశాస్త్రవేత్త. శాండర్స్ అచ్చంగా అమ్మకాల మనిషి. ఈ అయిదుగురూ మార్కెట్లో రోజూ ఒకరి గిరాకీ ఒకరు లాక్కునేవాళ్లే.

వాళ్లను కలిపింది జపాన్ భయం. 1985లో జపాన్ కంపెనీల మీద అమెరికా వాణిజ్య చట్టం సెక్షన్ 301 (విదేశాల అన్యాయ వాణిజ్యం మీద చర్య కోరే సెక్షన్) కింద సంఘం తరఫున పిటిషన్ వేశారు. అదే ఏడాది ఇంటెల్ తన డీర్యామ్ మెమరీ చిప్‌ల వ్యాపారం వదులుకుంది. 1986లో రెండు దేశాల మధ్య చిప్‌ల ఒప్పందం కుదిరింది. ఆ మరుసటేడు తయారీ పద్ధతుల మీద కలిసి పనిచేయడానికి సెమాటెక్ అనే ఉమ్మడి సంస్థ పెట్టారు. దానికి అధిపతిగా ఎవరూ కుదరకపోతే, 1988లో నాయిసే ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1990లో చనిపోయే దాకా అందులోనే ఉన్నాడు. ఇంటెల్ స్థాపకుడు, హాయిగా ఇంట్లో కూర్చోదగ్గ మనిషి, ఆస్టిన్‌కు మకాం మార్చి ఉమ్మడి ఫ్యాక్టరీ బాధ్యత నెత్తిన పెట్టుకున్నాడు. ఇది చదివినప్పుడు అన్నయ్య టిక్కుల్లో న్యాయం ఉందనిపించింది.

కానీ అదే కథలో ఇంకో మనిషి ఉన్నాడు. అలన్ వుల్ఫ్. లాయరు. అమెరికా ప్రభుత్వంలో వాణిజ్య ఉప ప్రతినిధిగా చేసి, బయటికొచ్చాక ఎస్ఐఏకు సలహాదారు అయ్యాడు. ఫ్యాక్టరీల యజమానులు అయిదుగురున్నా, ఏ కాగితం ఏ బల్ల మీద పెడితే కదులుతుందో తెలిసిన మనిషి లేకుండా వాళ్లు వాషింగ్టన్‌లో అడుగుపెట్టలేదు. అంటే మొదటి రోజుల నుంచే అక్కడ రెండు రకాల అనుభవమూ పక్కపక్కన కూర్చుంది.

తర్వాతి రోజుల్లో ఎస్ఐఏ కుర్చీ మెల్లగా చేతులు మారింది. 1997 నుంచి 2010 దాకా నడిపిన జార్జ్ స్కలీస్ పరిశ్రమలో పండిన మనిషి. మోటరోలా, ఫెయిర్‌చైల్డ్, ఏఎండీ, నేషనల్ సెమీకండక్టర్, ఆపిల్ అన్నీ చూసి వచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన బ్రయన్ టూహీ మందుల కంపెనీల సంఘం నుంచి వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన జాన్ న్యూఫర్ టోక్యోలో కొన్నేళ్లు జపాన్ రాజకీయాలను విశ్లేషించి, అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయంలో జపాన్ వ్యవహారాలు చూసి, ఐటీ కంపెనీల సంఘంలో విదేశీ విధానం చూసి, అప్పుడు ఇక్కడికి వచ్చాడు. అన్నయ్య పెన్సిల్ పట్టుకుంటే టూహీకి, న్యూఫర్‌కు ఒక్క టిక్కు కూడా పడదు.

మరి పని జరగలేదా అంటే, జరిగింది. చిప్‌ల కోసం 52.7 బిలియన్ డాలర్లు కేటాయించిన 2022 నాటి చట్టం న్యూఫర్ హయాంలోనే వచ్చింది. దానికి కరోనా కాలంలో చిప్‌లు దొరక్క కార్ల ఫ్యాక్టరీలు ఆగిపోవడం, చైనా మీద భయం లాంటి కారణాలు చాలా ఉన్నాయి. అయినా రెండు పార్టీల ఓట్లూ కూడగట్టడం ఎచింగ్ (చిప్ మీద గీతలు చెక్కే పద్ధతి) తెలిసినంత మాత్రాన వచ్చే విద్య కాదు. మందుల కంపెనీల సంఘం నుంచి మనిషిని తెచ్చుకోవడం కూడా మొదట వింతగా కనిపించింది. ఆలోచిస్తే, పరిశోధన మీద పన్ను రాయితీ, పేటెంట్లు, ఎగుమతుల నిబంధనలు ఇద్దరికీ ఉన్న తలనొప్పులే.

రెండో సంఘం ఎదురు దారిలో నడిచింది

ఇక్కడితో ఆపి ఉంటే అన్నయ్యది తప్పు అని తేల్చేసేదాన్ని. కానీ సెమీ అనే రెండో సంఘం ఉంది. 1970లో పుట్టింది. ఇది చిప్‌లు చేసేవాళ్ల సంఘం కాదు, చిప్‌లు చేసే యంత్రాలూ పదార్థాలూ అమ్మేవాళ్ల సంఘంగా మొదలైంది. తొలి రోజుల్లో ఒక్కో చిప్ కంపెనీ ఒక్కో కొలత వేఫర్ (చిప్‌లు తయారుచేసే పలుచటి గుండ్రటి సిలికాన్ పలక) అడుగుతుంటే, అందరినీ కూర్చోబెట్టి వేఫర్ వ్యాసం, మందం, అంచు ఎలా ఉండాలో ఒక మాట మీదికి తేవడం వీళ్లు చేసిన పెద్ద పని.

సెమీని 1996 నుంచి 2011 దాకా స్టాన్లీ మైయర్స్ నడిపాడు. అంతకుముందు ఆయన సిలికాన్ వేఫర్లు తయారుచేసే కంపెనీకి పెద్ద. ఆయన తర్వాత డెనీ మెక్‌గర్క్. సర్క్యూట్ బోర్డుల వాళ్ల సంఘాన్ని పదేళ్లకు పైగా నడిపి వచ్చాడు కాబట్టి సంఘాలు నడపడంలోనే ఆరితేరిన మనిషి అనాలి. 2017లో మాత్రం అజిత్ మనోచాను తెచ్చుకున్నారు. ఢిల్లీ యూనివర్సిటీలో చదివి, అమెరికా వెళ్లి, బెల్ ల్యాబ్స్‌లో చిప్ తయారీ పద్ధతుల మీద పరిశోధనతో మొదలుపెట్టి, ఫిలిప్స్ చిప్ విభాగంలో తయారీ మొత్తం చూసి, గ్లోబల్‌ఫౌండ్రీస్‌కు సీఈఓగా చేసిన మనిషి. అన్నయ్య అయితే ఆయన పేరు పక్కన నాలుగు టిక్కులు పెడతాడు.

అంటే ఒక సంఘం ఫ్యాబ్ మనుషుల నుంచి వాషింగ్టన్ మనుషుల వైపు వెళ్తే, ఇంకోటి సంఘాల మనిషి నుంచి ఫ్యాబ్ మనిషి వైపు వచ్చింది. ఒకరికి ఆ సమయంలో ఉన్న సమస్య ప్రభుత్వం. ఇంకొకరికి ఫ్యాక్టరీ. ఎవరి సమస్యకు తగ్గ మనిషిని వాళ్లు వెతుక్కున్నారు.

దీన్నుంచి మరీ పెద్ద సిద్ధాంతం లాగకూడదని నాకూ తెలుసు. ఆ కుర్చీకి ఆ రోజున దొరికిన మనుషులెవరు, జీతం ఎంత, బోర్డులో ఎవరి మాట చెల్లింది లాంటివి బయటికి కనపడవు. వచ్చిన వాళ్లు కూడా తమ పాత జీవితాన్ని వదిలించుకుని కొత్తగా నేర్చుకోగలరు. అయినా నేనొకటి నమ్ముతున్నాను. మనిషి తనకు తగిలిన దెబ్బను మరిచిపోడు. ప్రభుత్వంతో పది విషయాలు మాట్లాడే అవకాశం వస్తే, మొదట నోటికి వచ్చేది తన ఉద్యోగంలో తనను నిద్రపోనివ్వనిదే. డిజైన్ సెంటర్ నడిపిన వాళ్లకు అది మనుషులు దొరకకపోవడం, సాఫ్ట్‌వేర్ లైసెన్సుల ఖర్చు, పన్నులు. అధికారిగా చేసిన వాళ్లకు అది ఫైలు, అనుమతి, భూమి. ఫ్యాక్టరీ నడిపిన వాళ్లకు అది కరెంటు, నీళ్లు, గ్యాసు, రాత్రి షిఫ్టు.

ఒక్క క్షణం కరెంటు

అన్నయ్య కరెంటు అన్నది ఊరికే అన్న మాట కాదు. రెండేళ్ల కిందట వేసవిలో ఒక సాయంత్రం నేను అతని షాపులోనే ఉన్నాను. వీఎంసీ మీద స్టెయిన్‌లెస్ స్టీలు ఫ్లాంజ్ ఒకటి ఆఖరి దశలో ఉంది. పొద్దున్నుంచి దాని మీదే పని. ట్యూబులైట్లు ఒక్కసారి మినుకుమన్నాయి, అంతే. ఫ్యాను కూడా ఆగలేదు. కానీ మెషిన్ స్క్రీన్ మీద ఎర్రగా అలారం వచ్చింది, స్పిండిల్ ఆగింది. టూల్ జాబ్‌లోనే, అంటే చేస్తున్న ముక్కలోనే, దిగబడి ఉంది. ఆపరేటరు మెల్లగా టూల్ పైకి తీశాడు. ఓ-రింగు (గాలి చొరబడకుండా ఆపే రబ్బరు వలయం) కూర్చునే గాడిలో గోటితో తడిమితే తగిలేంత గీత. వాక్యూమ్ నిలవాల్సిన చోట అంత గీత ఉంటే ఆ ముక్క ఇక పనికిరాదు. అన్నయ్య దాన్ని తీసి, గుడ్డతో తుడిచి, మూలనున్న స్క్రాప్ డబ్బాలో వేశాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఎవరిని అంటాడు? కరెంటు పోలేదు కదా, కంప్లయింట్ ఏమని రాయాలి?

చిప్ ఫ్యాబ్‌లో ఇదే జరిగితే ఎంత నష్టమో లెక్కలున్నాయి. 2010 డిసెంబరులో జపాన్‌లోని యొక్కాయిచిలో తోషిబా మెమరీ ఫ్యాక్టరీకి వచ్చే కరెంటు 0.07 సెకన్ల పాటు తగ్గింది. రెప్పపాటు కూడా కాదు. ఆ తర్వాత రెండు నెలలు సరఫరా 20 శాతం దాకా తగ్గొచ్చని కంపెనీయే చెప్పింది.

ఈ సమస్యకు సెమీ వాళ్లు ఎఫ్47 అని ఒక ప్రమాణం రాశారు. వోల్టేజి సగానికి పడిపోయినా 0.2 సెకన్లు, 70 శాతానికి తగ్గితే 0.5 సెకన్లు, 80 శాతానికి తగ్గితే 1 సెకను, యంత్రం ఆగకుండా నడవాలి. ఫ్యాబ్‌కు యంత్రం అమ్మాలంటే ఈ పరీక్ష నెగ్గాలని కొనేవాళ్లు అడుగుతారు. ఇలాంటి ప్రమాణం పుట్టాలంటే యంత్రం అమ్మేవాళ్లు, కొనేవాళ్లు ఒకే గదిలో కూర్చుని, ఎంత డిప్పుకు (వోల్టేజి క్షణకాలం పడిపోవడానికి) ఎవరు బాధ్యులో గీత గీయాలి. తన జాబ్ ఎప్పుడో ఒకప్పుడు స్క్రాప్ డబ్బాలో పడ్డవాళ్లు ఆ గదిలో ఉండాలి. బ్రోచర్లో టిక్కులు లేకపోవడం గురించి నా కోపం తగ్గింది ఎఫ్47లోని ఈ అంకెల పట్టిక చూశాకే.

మన దగ్గర

మన దేశంలో ఈ పరిశ్రమకున్న సంఘం బెంగళూరులో ఇండియా సెమీకండక్టర్ అసోసియేషన్‌గా మొదలై, తర్వాత ఎలక్ట్రానిక్స్‌ను కూడా కలుపుకుని ఐఈఎస్ఏ అయింది. ఇప్పుడు సెమీతో కలిసి నడుస్తోంది. దాన్ని నడిపిన వాళ్లలో ఎం.ఎన్. విద్యాశంకర్ కర్ణాటకలో ఐటీ శాఖ చూసిన ఐఏఎస్ అధికారి. కృష్ణమూర్తి ర్యాంబస్ అనే చిప్ కంపెనీ ఇండియా విభాగాన్ని నడిపి వచ్చారు. అశోక్ చాందక్ ఎన్ఎక్స్‌పీ అనే చిప్ కంపెనీలో చాలా ఏళ్లు చేశారు. వాళ్ల కాలానికి వాళ్లు సరైన మనుషులే. మన దగ్గర ఉన్నదే డిజైన్. ప్రపంచంలోని చిప్ డిజైన్ ఇంజనీర్లలో దాదాపు అయిదో వంతు మనవాళ్లని అంటారు. హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్, ఎన్‌విడియా, ఇంటెల్ అన్నీ ఉన్నాయి. ఉన్నవాళ్ల గొంతు సంఘంలో వినపడటం సహజం.

మా మేనేజరుతో ఈ మాట అంటే ఆయన గట్టిగానే కాదన్నారు. "మన బలం డిజైన్ అమ్మా. బలమున్న చోట మాట్లాడేవాళ్లు కావాలి. ఫ్యాక్టరీ మనిషిని పెడితే ఇరవై నాలుగు గంటలూ సబ్సిడీ గురించే మాట్లాడతాడు." ఇది కొట్టిపారేసే మాట కాదు. ఫ్యాబ్ పెట్టే కంపెనీలకు వేల కోట్లు ఇస్తున్నప్పుడు, ఇంకా ఇవ్వండని అడిగే వాళ్లే కుర్చీలో కూర్చుంటే డిజైన్ చేసే చిన్న కంపెనీల గతి ఏమిటి?

అధికారుల సంగతి కూడా తేలిగ్గా తీసేయలేను. పక్కనే ఉన్న సాఫ్ట్‌వేర్ రంగం చూడండి. ఆ రంగం సంఘం నాస్కామ్‌ను దేశమంతటికీ తెలిసేలా చేసిన దేవాంగ్ మెహతా చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. ఆయన తర్వాత కిరణ్ కార్నిక్ ఇస్రో నుంచి, టీవీ రంగం నుంచి వచ్చారు. 2009లో సత్యం కూలినప్పుడు ఆ కంపెనీని నిలబెట్టడానికి ప్రభుత్వం వేసిన బోర్డులో ఆయన్ని పెడితే, అప్పుడు భయంతో ఉన్న మా స్నేహితులకు కాస్త ఊపిరి ఆడింది. తర్వాత నాస్కామ్‌కు వచ్చిన ఆర్. చంద్రశేఖర్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐటీ కార్యదర్శిగా చేసిన ఐఏఎస్. వీళ్లెవరూ కోడ్ రాసి బతికిన వాళ్లు కాదు. అయినా ఆ రంగం వాళ్లను తమవాళ్లుగానే చూసుకుంది.

కానీ సాఫ్ట్‌వేర్‌కు, చిప్ ఫ్యాక్టరీకి ఒక తేడా ఉంది. సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దె బిల్డింగు, జనరేటరు, నెట్ ఉంటే పని మొదలవుతుంది. ఫ్యాబ్‌కు అలా కుదరదు. అది మన హైదరాబాద్‌కే బాగా తెలియాలి. 2006 ప్రాంతంలో శంషాబాద్ విమానాశ్రయం అవతల ఫ్యాబ్ సిటీ అన్నారు. సెమ్‌ఇండియా అనే కంపెనీ వచ్చి చిప్ ఫ్యాక్టరీ కడుతుందని అన్నారు. మా మేనమామ ఆ ఊపులో తుక్కుగూడ దగ్గర ప్లాటు కొన్నాడు. ఫ్యాబ్ రాలేదు. సోలార్ కంపెనీలు, ఇంకేవో వచ్చాయి. పేరు మాత్రం ఫ్యాబ్ సిటీ అనే ఉండిపోయింది. అది ఆగిపోవడానికి డబ్బు, ప్రపంచ మార్కెట్, విధానం ఇలా ఎన్నో కారణాలు. ఫ్యాక్టరీ మనిషి సంఘంలో ఉంటే ఆ ఫ్యాబ్ వచ్చేసేది అని నేననను. కానీ ఆ రోజుల్లో పేపర్లలో ఎకరాల లెక్క, డాలర్ల లెక్క చదివాను తప్ప, కరెంటు నాణ్యత ఎవరైనా అడిగినట్టు చదివిన గుర్తు లేదు.

ఇప్పుడు పరిస్థితి వేరు. ధోలేరాలో టాటా ఫ్యాబ్ పనులు, సాణంద్‌లో, అస్సాంలోని జాగీరోడ్‌లో ప్యాకేజింగ్ ప్లాంట్లు (తయారైన చిప్‌లకు తొడుగు వేసి పరీక్షించే ఫ్యాక్టరీలు), ఆంధ్రలో ఒక ప్యాకేజింగ్ యూనిట్‌కు 2025లో ఆమోదం. రాబోయే పదేళ్ల గొడవంతా ఫ్యాక్టరీల గొడవే. అందుకే అంటున్నాను, సంఘం అధ్యక్షుడు ఎవరైనా కానీ, ఆయన పక్క కుర్చీ ఫ్యాబ్‌లోనో ప్యాకేజింగ్ ప్లాంట్‌లోనో షిఫ్టులు నడిపిన మనిషికి ఇవ్వాలి. ఇంకో కుర్చీ చర్లపల్లి, బాలానగర్, జీడిమెట్లల్లో విడిభాగాలు చేసేవాళ్లలో ఒకరికి. ఊరికే చర్చకు పిలిచి శాలువా కప్పి పంపడం కాదు, ప్రభుత్వానికి ఇచ్చే కాగితం మీద సంతకం పెట్టే హక్కుతో.

అటువంటి వాళ్లు దొరుకుతారా అని మేనేజర్‌గారు అడిగారు. సింగపూర్, తైవాన్, అమెరికా ఫ్యాబ్‌లలో ఇరవై, ముప్పై ఏళ్లు చేసిన మనవాళ్లున్నారు. మొహాలీలోని ప్రభుత్వ ల్యాబ్‌లో చేసి రిటైరైన వాళ్లున్నారు. మా నాన్నగారు ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌లో చేసేవారు. దాన్ని 1967లో మొదలుపెట్టి నడిపిన ఏ.ఎస్. రావుగారు ట్రాంబే అణు ప్రయోగశాలల్లో పరికరాలు తయారు చేయించి వచ్చిన మనిషి. మేం ఉండే కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. ఆయన షాపు ఫ్లోర్ మీదికి వచ్చి ఏం అడిగేవారో నాన్న ఇప్పటికీ చెప్తుంటారు. వెతికితే దొరకరని నేను నమ్మను.

సంఘానికి ఈ మాటలే ఒక పేజీ ఉత్తరంగా రాసి పంపాను. అన్నయ్య చదివి, కింద తన షాపు పేరు కూడా వేయమన్నాడు. ఎఫ్47 పట్టిక ప్రింటు తీసిస్తే, దాన్ని వీఎంసీ పక్కన గోడకు టేపుతో అంటించాడు. పోయిన శనివారం ఎవరి దగ్గరో వోల్టేజి రికార్డరు అద్దెకు తెచ్చి మెయిన్ ప్యానెల్‌కు తగిలించాడు. సోమవారం పొద్దున వాట్సాప్‌లో రీడింగు ఫొటో పంపాడు. రెండు రాత్రుల్లో మూడు డిప్పులు. ఒకటి 0.3 సెకన్లు, వోల్టేజి 60 శాతానికి పడింది. దాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి, కింద రాశాడు: "ఇది వాళ్ల పట్టికల లేదు చెల్లె. ఎవరిని అడగాలె?"